కెనరీ తలకట్టు

నలభై ఏళ్లలో నేను ఎవరెవరి నెత్తిన ఏమేం పెట్టానో చెప్పానంటే ఫిల్మ్ నగర్‌లో సగం గేట్లు నాకు మూసుకుపోతాయి. మిగతా సగం గేట్లు తెరిచి కుక్కల్ని వదులుతారు. అందుకని మనుషుల జోలికి పోను. పిట్టల సంగతి చెబుతాను. పిట్టలు పరువు నష్టం దావా వేయవు.

నేను విగ్గులు కడతాను. తలనీలాలు వేలంలో కొన్నవాళ్ల దగ్గర జుట్టు తెచ్చుకుని, దోమతెర కన్నా సన్నని నెట్ మీద కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకనీ ముడివేసుకుంటూ పోవడం నా పని. ఒక మంచి విగ్గుకి మూడు వారాలు పడుతుంది. ఈలోగా మెడ పట్టేస్తుంది, కళ్లు చింతనిప్పులవుతాయి, మా ఆవిడ నాతో మాట్లాడటం మానేస్తుంది. ఇంతా చేస్తే టైటిల్స్‌లో నా పేరు ఒక్కసారీ పడలేదు. మరిచిపోయి కాదు, కావాలనే వేయరు. తెర మీద "విగ్గులు: ఫలానా" అని పడితే, ఆ విగ్గు ఎవరిదా అని జనం వెతుకుతారు కదా. హీరోగారి జుట్టు హీరోగారిదే అన్నది పరిశ్రమ మొత్తం కట్టుబడిన మాట. భోజనాలు పంపినవాళ్ల పేరు పడుతుంది, షూటింగుకి ఇల్లిచ్చినవాళ్ల పేరు పడుతుంది, ఒకసారి ఆ ఇంటి కుక్క పేరు కూడా పడింది. నా పేరు పడదు.

అయినా ఆశ చావదు. నేను పనిచేసిన ప్రతి సినిమాకీ మా ఆవిడా నేనూ వెళతాం. అందరూ లేచిపోతున్నా, చివరి అక్షరం పైకి వెళ్లిపోయేదాకా కూర్చుంటాం. లైట్లు వేస్తారు, ఊడ్చేవాళ్లు చీపుళ్లతో మా కాళ్ల దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు మా ఆవిడ చీర సర్దుకుంటూ "పడలేదండీ" అంటుంది. నేను "ఊఁ" అంటాను. పార్కింగులో బండి తీసేదాకా ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోం.

ఇక పిట్ట మా ఇంటికి ఎలా వచ్చిందంటే, నాలుగేళ్ల కిందట స్టూడియోలో ఒక పాట తీస్తున్నారు. హీరోయిన్ పంజరాల మధ్య నడుస్తూ పాడాలి. ఇరవై పంజరాలు వేలాడదీశారు, అన్నిట్లో పసుపుపచ్చ కెనరీలు. ఒక్కదాంట్లో ఉన్న పిట్ట మాత్రం వేరు. ఒళ్లంతా పసుపే గానీ నెత్తి మీద బూడిదరంగు ఈకలు గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా, కళ్ల మీదికి వాలి ఉన్నాయి. డైరెక్టర్ మానిటర్ చూసి, "ఆ పిట్టని తీసేయండి, హీరోయిన్ జుట్టు కన్నా దాని జుట్టే బావుంది" అన్నాడు. హీరోయిన్ నెత్తిన ఉన్నది నేను కట్టిందే. నాకు ఒళ్లు మండింది.

తీసేసిన పంజరాన్ని తెచ్చి మా మేకప్ వ్యానులో పడేశారు. కోపంగానే దాని వంక చూశాను. చూశాక కోపం ఎటుపోయిందో తెలియలేదు. నడినెత్తిన ఒకే ఒక సుడి. ఆ సుడి నుంచి ప్రతి ఈకా ఎటు వాలాలో అటే వాలింది. పాపిడి లేదు, ఎగుడుదిగుడు లేదు, అంచు కత్తెరతో కోసినట్టుంది. నేను మూడు వారాలు కూర్చుని చేసేది ఈ పిట్ట ఏమీ చేయకుండా కూర్చుని చేసేసింది.

పంజరాలు సప్లై చేసినాయన రహమత్ నగర్‌లో ఉంటాడు. నా ఈడువాడే. మేడ మీద రేకుల షెడ్డు నిండా పిట్టలే. మర్నాడు నేనూ మా ఆవిడా పంజరం తిరిగి ఇద్దామని వెళ్లాం. నేను దాని నెత్తి వంక చూస్తున్న తీరు చూసి ఆయనకు విషయం అర్థమైపోయింది.

"ఉంచుకోండ్రి సార్. దీన్ని గ్లోస్టర్ అంటరు. గీ నెత్తి మీద కుచ్చు ఉన్నదాన్ని కరోనా అంటరు" అన్నాడు.

మా ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఫికర్ చెయ్యకమ్మా. ఆ బీమారి రాకముందు సంది దీని పేరు గదే. కుచ్చు లేకుండ బోడి నెత్తి ఉన్నదాన్ని కన్సార్ట్ అంటరు. రెండూ గ్లోస్టర్లే."

ఆ రోజు ఆయన షెడ్డులో రెండు గంటలున్నాం. అప్పటిదాకా నాకు కెనరీ అంటే పసుపు పిట్ట, అంతే. ఆయన చెబుతుంటే నాకు మా సినిమావాళ్ల ఇరవై నాలుగు శాఖలూ యూనియన్ కార్డులూ గుర్తొచ్చాయి. కెనరీలు మూడు రకాలట. పాట కోసం పెంచేవి, రంగు కోసం పెంచేవి, ఒంటి వాటం కోసం పెంచేవి. పాట పిట్టల్లో రోలర్ అని ఒకటుంది, నోరు మూసుకునే పాడుతుంది. హీరోయిన్లు ఇంకా అది నేర్చుకోవాలి. రంగు పిట్టల్లో ఎర్రది ఉంది, ఆ ఎరుపు దాని సొంతం కాదు. ఎప్పుడో దక్షిణ అమెరికాలోని సిస్కిన్ అనే ఎర్ర పిట్టతో కలిపి తెచ్చుకున్నది. వాటం పిట్టల్లో ఒకటి ఏడు అంకెలా వంగి నిలబడుతుంది, ఒకటి కానిస్టేబుల్‌లా నిటారుగా ఉంటుంది, ఒకదానికి ఒళ్లంతా ఉంగరాల ఈకలు. నేను కర్లింగ్ మిషను పెట్టి నానా అగచాట్లూ పడితే వచ్చే ఉంగరాలు. మా గ్లోస్టర్ కూడా ఈ వాటం శాఖలోదే.

"మరి పసుపు?" అంది మా ఆవిడ.

"అసలు కెనరీకి పసుపు లేదమ్మా. అడవిల ఉన్నది పాకురు రంగుల, పిచ్చుక లెక్క ఉంటది. మనుషులు పెంచంగ పెంచంగ గిట్లయింది. కెనరీ దీవులల్ల ఉంటది గనక కెనరీ. ఆ దీవులకు ఆ పేరు కుక్కల మీదికెల్లి వచ్చిందంట."

అంటే కుక్క పేరు పెట్టుకున్న పిచ్చుక రంగు మార్చుకుని అందాల పోటీకి వచ్చిందన్నమాట. మా ఫీల్డులో ఇలాంటివి చాలా చూశాను.

పక్క పంజరాల్లో చారల మెడ జీబ్రా ఫించులు, ఏడు రంగుల గౌల్డియన్ ఫించులు గోలగోలగా ఉన్నాయి. "ఇవి వీటి చుట్టాలా?" అని అడిగాను.

"గావు సార్. పేరుకు ఫించులే గానీ వీటి ఖాందాన్ వేరు. ఇవి మునియా పిట్టల దిక్కు."

"ముక్కు ఒకేలా ఉంది కదయ్యా."

"గింజలు తినేటోళ్ల ముక్కు గట్లనే ఉంటది. ముక్కు కలిస్తే చుట్టాలైతరా? చలికాలం మన అడవులల్లకు ఎర్ర తలకాయది వస్తది, గులాబీ ఫించ్ అంటరు. అది అసలు చుట్టం. దాన్ని పట్టుడు, అమ్ముడు తప్పు. చూసి ఇడిచిపెట్టాలె."

ఇంటికి బయల్దేరుతుంటే మెట్ల దాకా వచ్చి ఒక మాట చెప్పాడు. "సార్, జోడీ కట్టాలనుకుంటే కుచ్చుదానికి బోడిదాన్నే కలపాలె. రెండు కుచ్చులవి ఎన్నడూ కలపద్దు."

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. జుట్టు విషయంలో నాకు ఒకడు చెప్పేదేమిటి? నలభై ఏళ్లుగా నేను నేర్చుకున్నది ఒక్కటే, ఒత్తు కావాలంటే ఇంకా జుట్టు వేయాలి. కుచ్చుకి కుచ్చు కలిస్తే రెండింతల కుచ్చు రావాలి గానీ, బోడిదాన్ని కలిపితే ఏమొస్తుంది? మా ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఏమండీ, ఆయన పిట్టల మనిషి, మీరు జుట్టు మనిషి. ఇది పిట్టల సంగతి. ఆయన మాట వినండి" అంది. నేను వినలేదు. ఆయన కుచ్చు ఆడపిట్టని నాకు అమ్మనంటే, పంతం కొద్దీ వేరేచోట కొనుక్కొచ్చాను.

నాలుగు గుడ్లు పెట్టింది. రెండు వారాలు నేను ఫోన్లు ఎత్తలేదు. రెండు గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి, రెండు పగల్లేదు. రహమత్ నగర్ ఆయనకు ఫోన్ చేస్తే, ఎన్ని పోయాయని అడిగాడు. తర్వాత మెల్లగా, "చెప్పిన గద సార్. అమ్మ కుచ్చు, నాయిన కుచ్చు రెండూ ఒక్కదానికే వస్తే అది గుడ్డులనే పోతది" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా పొగరుకి రెండు ప్రాణాలు కళ్లు తెరవకుండానే పోయాయి. పెరట్లో కరివేపాకు మొక్క కింద మా ఆవిడే వాటిని పూడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

బతికిన రెండింట్లో ఒకటి బోడిది, చక్కగా ఉంది. రెండోది కుచ్చు మగపిట్ట. దానికి ఈకలు వచ్చేకొద్దీ మా ఇంట్లో మాటలు తగ్గాయి. ముందు భాగం చూస్తే వాళ్ల నాన్నని తలదన్నే తలకట్టు. ఒత్తుగా, గుండ్రంగా, కళ్లు కనపడీ కనపడకుండా. వెనక్కి తిప్పితే కుచ్చు కింద కందిబద్దంత మేర నున్నగా బట్టతల. విగ్గులు కట్టేవాడి ఇంట్లో బట్టతల పిట్ట పుట్టింది. మా ఆవిడ ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నేనూ నవ్వాను.

ఆ ఏడు చలికాలంలో పిట్టల పెంపకందార్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి వచ్చింది. వెంగళరావు నగర్ కమ్యూనిటీ హాల్లో ప్రదర్శన, పోటీలు. పాటకి వేరే, రంగుకి వేరే, వాటానికి వేరే. కింద ఒక వాక్యం ఉంది: ప్రతి పంజరానికీ జాతి, తరగతి, పెంచినవారి పేరు రాసిన కార్డు కట్టబడును. మొదటి బహుమతి కార్డులు వేదిక మీద ప్రదర్శించబడును.

పెంచినవారి పేరు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. స్నానం చేస్తూ కూడా అదే గుర్తొచ్చింది. వేదిక మీద, జనం ముందు, నా పేరు. నలభై ఏళ్లుగా థియేటర్లో వెతుక్కున్నది అక్కడ దొరికేలా ఉంది. అడ్డం ఒక్కటే, కందిబద్దంత బట్టతల.

వాళ్ల నాన్న ఈకలు రాల్చినప్పుడల్లా నేను ఏరి ఒక కుంకుమ భరిణలో దాచేవాణ్ని. ఎందుకు దాచానంటే చెప్పలేను, రాలిన జుట్టు చూస్తే ఏరుకోవడం నా రోగం. ఒక పెద్ద హీరోగారి నుదుటికి వాడగా మిగిలిన నెట్ ముక్క ఉంది. అందులోంచి వేలిగోరు కన్నా చిన్న ముక్క కత్తిరించి, భూతద్దం పెట్టుకుని, చిట్టి చిట్టి ఈకల్ని ఒక్కోటే కట్టడం మొదలుపెట్టాను. వారం పట్టింది. మనుషులకి వాడే గమ్ము పిట్ట ఒంటికి మంచిది కాదని మైదా ఉడికించి జిగురు చేశాను. పోటీ రోజు పొద్దున్నే మా ఆవిడ రెండు చేతుల్లో పిట్టని పట్టుకుని కూర్చుంది. అది అటూ ఇటూ కదల్లేదు. ఏ హీరో నా ముందు అంత బుద్ధిగా కూర్చోలేదు.

"ఇది మోసం కాదా అండీ?" అంది మా ఆవిడ.

"నలభై ఏళ్లుగా మనం తింటున్న అన్నం ఏంటే మరి?"

"అది సినిమా. అక్కడ అందరికీ తెలుసు."

నేను జిగురు గిన్నె ముందుకు లాక్కున్నాను. అతికించి, ఆరాక, వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడ అసలు ఈక ఆగిందో, ఎక్కడ నాది మొదలైందో నాకే కనపడలేదు. నా జీవితంలో అంత మంచి పని నేను చేయలేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

హాల్లో మా పంజరానికి కార్డు కట్టారు. గ్లోస్టర్, కుచ్చు తరగతి, పెంచినవారు అని, కింద నీలం సిరాతో నా పేరు. మా ఆవిడ ఫోన్ తీసి నాలుగు ఫోటోలు తీసింది. రహమత్ నగర్ ఆయన తన రోలర్ల పంజరాలు మోసుకుంటూ మా దగ్గర ఆగాడు. వంగి చూశాడు. పంజరం చుట్టూ తిరిగి వెనకనుంచి చూశాడు.

"సార్, పోయిన నెల మీ ఇంట్ల చూసినప్పుడు దీనికి ఎన్కకు బట్టతల ఉండె గద."

"పెరిగింది."

"గంత జల్దీనా?"

"నూనె రాశాను."

ఆయన నా మొహం వంక చూశాడు, పిట్ట వంక చూశాడు. "నేనేం జూడలే సార్" అని తన పంజరాలు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

జడ్జి ఒక మేడమ్. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారట. మెడలో గొలుసుకి భూతద్దం, చేతిలో సన్నని పుల్ల. ఏ పిట్టనీ ముట్టుకోరు, పుల్ల చూపిస్తే అవే తిరుగుతాయి. మా వరసలో తొమ్మిది పంజరాలు. ఒకదానికి కుచ్చు చీలిందన్నారు, ఒకదానికి కళ్లు పూర్తిగా మూసుకుపోయాయన్నారు. మా దాని ముందు ఆగారు. పుల్ల తిప్పారు. అది ముందుకి తిరిగింది, వెనక్కి తిరిగింది. ఆమె కదల్లేదు. మళ్లీ వెనక్కి తిప్పారు.

"చాలామంది కుచ్చు ముందు బావుంటే చాలనుకుంటారు. వెనక భాగంలో దొరికిపోతారు. కుచ్చు మెడలో కలిసిపోయిన ఈ నెక్ బ్లెండింగ్ చూడండి, ఎంత పర్ఫెక్ట్‌గా ఉందో" అన్నారు అందరితో. కార్డు తీసి దాని మీద ఒకటి అంకె వేసి చుట్టూ గీత చుట్టారు. ఫస్ట్ ప్రైజ్. మా ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకుంది. నేను అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. నలభై ఏళ్లు మూసుకున్నవాడికి ఇంకో పది నిమిషాలు పెద్ద కష్టమా?

ఎవరో ఫోన్‌తో వీడియో తీస్తున్నారు. మేడమ్ అటు తిరిగి, పాఠం చెప్పినట్టు చెప్పారు. "ఇది నేచర్ గొప్పతనం. ఇంత శ్రద్ధ, ఇంత పొందిక ప్రకృతికే సాధ్యం. మనిషి చేతికి ఇది ఎప్పటికీ రాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు రాదండీ?" అన్నాను.

ఆమె ఇటు తిరిగారు. మా ఆవిడ నా చేయి వదిలేసి తల పట్టుకుంది.

"ప్రకృతి చేసిన భాగం ముందు వైపు. వెనక బట్టతల. మీరు ఇప్పటిదాకా పొగిడింది నేను కట్టిన విగ్గుని."

హాలంతా చప్పున చల్లబడింది, పిట్టలు తప్ప. మేడమ్ నవ్వేశారు. "మీరు సినిమావాళ్లా? జోక్ బావుంది" అన్నారు. అది నాకు ఇంకా మండింది. నిజం ఒప్పుకున్నా నమ్మకపోతే మనిషి ఏం కావాలి? గోరువెచ్చని నీళ్లు తెమ్మన్నాను. మా ఆవిడ వెళ్లి తెచ్చింది, పిట్టని పట్టుకుంది. దూదితో తడిపి, జిగురు మెత్తబడ్డాక, పట్టకారతో అంచు పట్టుకుని లేపాను. నా పనితనం ఊడి నా అరచేతిలోకి వచ్చింది. పిట్ట బట్టతల ఒకసారి విదిలించుకుని, ఏమీ జరగనట్టు గింజలు తినడానికి పోయింది.

మేడమ్ ఆ ముక్కని భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూశారు. "ముడులు ఎక్కడున్నాయండీ?" అన్నారు చివరికి.

"కనపడితే అది ముడి కాదండీ."

ఆమె నా వంక మొదటిసారి సరిగ్గా చూశారు. "ఇలా ఎన్నాళ్లనుంచి చేస్తున్నారు?"

"పిట్టలకి ఇదే మొదలండీ. మనుషులకి నలభై ఏళ్లు."

"ఎవరెవరికి?"

"చెప్పకూడదండీ."

రహమత్ నగర్ ఆయన అక్కడే ఉన్నాడు. "చెప్పడు మేడమ్. వీళ్ల పని గదే. సినిమాల వీళ్ల పేరు గూడ ఎయ్యరు" అన్నాడు.

మేడమ్ తల ఊపారు. రూలు రూలే. కార్డు మీద ఒకటి అంకెని ఎర్ర సిరాతో కొట్టేశారు. పెంచినవారు అన్న చోట నా పేరుని కూడా కొట్టేశారు. ఆ ఎర్ర గీత చూసేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. వేదిక పోయింది, ఉన్న ఒక్క పేరూ నా నోటి దురుసుతో నేనే చెరుపుకున్నాను. తల వంచుకుని పంజరం మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టాను. అనర్హతకి కారణం రాయాలట, ఆమె ఇంకా రాస్తూనే ఉన్నారు. రాసి, కార్డు పంజరానికి కట్టకుండా మా ఆవిడ చేతిలో పెట్టి, పక్క వరసకి వెళ్లిపోయారు.

బయట స్కూటర్ దగ్గరికి వచ్చేదాకా నేను దాని వంక చూడలేదు. పంజరం కాళ్ల మధ్య సర్దుకుంటున్నాను. వెనక మా ఆవిడ బండి ఎక్కకుండా నిలబడిపోయింది. ఇంకా ఎంతసేపని కసురుకుని తిరిగి చూశాను. కార్డు రెండు చేతులతో పట్టుకుని ఉంది. కొట్టేసిన గీతల కింద, ఖాళీ అంతా నిండేలా, పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో "విగ్గు" అని, దాని ఎదురుగా నా పూర్తి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. నేను రెండుసార్లు చదువుకున్నాను.

మా ఆవిడ చీర సర్దుకుని వెనక ఎక్కి కూర్చుంది.

"పడిందండీ" అంది.